అరవై మూడు గాలాల ప్రేమ

2009 వేసవిలో ఇంగ్లండులో బెన్సన్ పోయింది. బెన్సన్ ఒక చేప. పీటర్‌బరో దగ్గర బ్లూబెల్ చెరువుల్లో ఉండే కార్పు. మనవైపు చేపల రేవులో అడిగితే బంగారు తీగ అంటారు. తూకం 64 పౌండ్ల 2 ఔన్సులు, అంటే 29 కిలోల పైచిలుకు. వీపు రెక్క మీద సిగరెట్టుతో కాల్చినట్టు ఒక చిల్లు ఉండేదట, అందుకని సిగరెట్టు కంపెనీ పేరు పెట్టారు. హెడ్జెస్ అని దానికో తోడు కూడా ఉండేది. 1998 వరదలో అది ఎటో కొట్టుకుపోయింది. ఒంటరిదైపోయిన బెన్సన్ పదకొండేళ్ల తర్వాత నీళ్ల మీద తేలింది. పత్రికలు సంతాపం రాశాయి. సరిగ్గా ఉడకని గింజలు మేతగా వేసి ఎవరైనా చంపారా అని గుసగుసలు రేగాయి. ఇంతకీ ఆ చేప సాధించిన ఘనత ఏమిటంటే, 13 ఏళ్లలో 63 సార్లు గాలానికి చిక్కింది. 63 సార్లూ దాన్ని గట్టుకు లాగారు, తూచారు, ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగారు, తిరిగి నీళ్లలో వదిలారు.

ఈ సంగతి మా బాబాయికి చెప్పాను. ఆకివీడు దగ్గర పదెకరాల చేపల చెరువున్న మనిషి. విని కాసేపు మాట్లాడలేదు.

"అరవై మూడు మంది పట్టారంటావ్?"

"అరవై మూడు సార్లు బాబాయ్."

"ఒక్కడూ పులుసు పెట్టుకోలేదా?"

"లేదు."

"పాపం" అన్నాడు. ఆ జాలి చేప మీదో, పట్టినవాళ్ల మీదో నేను అడగలేదు.

కిందటి వేసవిలో ఆయన ఇంగ్లండులో మా ఇంటికి వచ్చాడు. లండన్ వంతెన చూపించాను, రాజుగారి కోట చూపించాను. కొత్తగా సున్నం వేసిన పంచాయతీ ఆఫీసు చూసినట్టు "బాగుందిరా" అన్నాడు. నాలుగో రోజు పొద్దున్నే టీ తాగుతూ "ఏరా, ఇక్కడ చెరువులేం లేవా?" అని అడిగాడు. ఊరవతల డబ్బు కట్టి గాలం వేసుకునే చెరువొకటి ఉంటే తీసుకెళ్లాను. అక్కడ చూసినదానితో బాబాయికి మతి పోయింది, నాకు ఈ వ్యాసం దొరికింది.

గట్టు మీద ఆకుపచ్చ గుడారం. లోపల మడత మంచం, గ్యాస్ పొయ్యి, టీ కెటిల్, దుప్పట్లు. నీళ్ల అంచున మూడు గాలపు కర్రలు, సరిహద్దులో తుపాకులు నిలబెట్టినట్టు వరసగా. చేప ఎర ముట్టుకుంటే కీచుమని అరిచే యంత్రం ఒక్కో కర్రకు ఒక్కోటి. అసామీ మూడు రాత్రులుగా అక్కడే పడుకున్నాడు. "ఇంట్లో ఏమన్నా గొడవా?" అని బాబాయ్ నా చెవిలో అడిగాడు.

ఆ తర్వాత ఎర చూశాం. గోలీకాయంత గుండ్రటి ఉండలు, రంగురంగులవి, పొట్లం కట్టి ఉన్నాయి. బాయిలీలు అంటారు. కోడిగుడ్డు, పిండి, చేపపొడి కలిపి ముద్ద చేసి, ఉండలు చుట్టి, ఉడకబెట్టి ఆరబెడతారు. స్ట్రాబెర్రీ వాసనవి ఉంటాయి, పైనాపిల్‌వి ఉంటాయి, వెల్లుల్లివి ఉంటాయి. బాబాయ్ ఒకటి తీసుకుని వాసన చూసి, "మేం తౌడు సంచికి చిల్లులు పొడిచి కర్రకు కడతాం. వీళ్లు పెళ్లివారికి పెట్టినట్టు పెడుతున్నారు కదరా" అన్నాడు. ఆ చేపపొడి ఎక్కణ్నుంచి వస్తుందో ఆ అసామీకి ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రపంచంలో చేపపొడికి పెద్ద దిక్కు పెరూ తీరం. అక్కడ వలల్లో పడే ఆంకోవెట అనే చిన్న చేపల్ని లక్షల టన్నుల లెక్కన ఉడికించి, పిండి, ఎండబెట్టి పొడి కొడతారు. పేరు లేని వెయ్యి చేపల్ని పొడి కొట్టి పేరున్న ఒక చేపకు తినిపించి, ఆ ఒక్క చేపను తాము తిననందుకు వీళ్లు తమను తాము ప్రకృతి ప్రేమికులని పిలుచుకుంటారు.

గాలం సంగతీ చెప్పాలి. ఎరను ముల్లుకు గుచ్చరు. గుచ్చితే కార్పు కనిపెట్టేస్తుందట, తెలివైన చేప. అందుకని ముల్లు వెనక వెంట్రుకంత సన్నటి దారం కట్టి, దానికి ఉండను వేలాడదీస్తారు. చేప ఉండను పీల్చుకుని, ఇదేదో తేడాగా ఉందని ఉమ్మేయబోతుంది, ముల్లు పెదవిలో దిగుతుంది. కార్పు మేధస్సును గౌరవిస్తూ, ఆ మేధస్సును బోల్తా కొట్టించడానికి 1970ల చివర్లో కనిపెట్టిన ఉపాయం ఇది. అప్పటి దాకా రోజులకు రోజులు ఖాళీ చేతులతో ఇంటికెళ్లినవాళ్లు కూడా ఆ తర్వాత ఫొటోలు దిగడం మొదలుపెట్టారు.

మేం ఉండగానే యంత్రం కీచుమంది. అసామీ పరుగెత్తాడు, పావుగంట పెనుగులాడాడు, వలతో ఎత్తాడు. పది కిలోలకు తక్కువ ఉండదు. అప్పుడు మొదలైంది అసలు తంతు. గడ్డి మీద మెత్తటి పరుపు సిద్ధంగా ఉంది, చేపకు. దాన్ని తడిపాడు. చేపను పడుకోబెట్టాడు. మీద నీళ్లు చిలకరించాడు. ముల్లు తీశాడు. చిన్న సీసా తెరిచి, ముల్లు దిగిన చోట మందు పూశాడు. తడి సంచిలో పెట్టి తూచాడు. మోకాళ్ల మీద కూర్చుని చేపను గుండెలకు హత్తుకున్నాడు. నిలబడి పట్టుకోకూడదట, జారి పడితే చేపకు దెబ్బ తగులుతుందట. నా చేతికి ఫోనిచ్చి ఫొటో తీయమన్నాడు. తీశాను. ఆ తర్వాత, ఆకివీడు మనిషి కళ్లెదుట, ఆ చేప నుదుటి మీద ముద్దు పెట్టాడు.

బాబాయ్ తల తిప్పుకున్నాడు. ఇంటికొచ్చాక పిన్నికి ఫోన్ చేసి చెప్పాడు. "నాకెప్పుడైనా పెట్టావా?" అని పిన్ని అడిగిన మాట స్పీకర్లో అందరం విన్నాం.

ఇక్కడొక లెక్క తేలాలి. చేపకు నొప్పి తెలియదని ఈ గాలపురాయుళ్లు తరతరాలుగా చెబుతున్నారు. 2003లో స్కాట్లండులోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపల మీద పరీక్ష చేసి, మూతి దగ్గర బాధను పసిగట్టే నరాలున్నాయని తేల్చారు. పెదవిలో ఆమ్లం ఎక్కించిన చేపలు మూతిని గులకరాళ్లకేసి రుద్దుకున్నాయట. గాలపు లోకం ఒప్పుకోలేదు. సరే, ఒప్పుకోవద్దు. నొప్పే లేనప్పుడు ఆ సీసాలో మందెందుకయ్యా? మందు పూయాల్సినంత గాయమైతే ముల్లెందుకయ్యా? తొట్టిలో బిడ్డను గిల్లి జోలపాట పాడేవాళ్లను మన ఊళ్లలో ఏమంటారో అది వాళ్ల ముఖం మీద అనలేం, వాళ్లు మూడు రాత్రులుగా నిద్ర లేకుండా ఉన్నారు.

ఇదంతా అనాదిగా వస్తున్న ఇంగ్లీషు ఆచారం అనుకుంటే పొరపాటు. కార్పు ఆ దేశంలో పుట్టినదే కాదు. డాన్యూబ్ వైపు నుంచి వచ్చిన వలస చేప, వచ్చింది కూడా కూర కోసమే. 1496లో అచ్చయిన గాలం పుస్తకం కార్పు చాలా రుచిగల చేపని, కానీ ఇంగ్లండులో అరుదని చెప్పింది. అంటే అప్పటి బెంగ "ఎవరైనా తినేస్తారేమో" అని కాదు, "తినడానికి సరిపడా లేవే" అని. 1653లో ఐజాక్ వాల్టన్ 'కంప్లీట్ యాంగ్లర్' రాశాడు. గాలం వేసేవాళ్లు పవిత్రగ్రంథంలా చూసుకునే పుస్తకం. కార్పును నదుల రాణి అని కిరీటం పెట్టినవాడు ఆయనే. రాణిగారిని ఎలా వండాలో కూడా ఆయనే రాశాడు. ప్రాణంతో ఉన్నదైతే మేలట. ఉప్పునీళ్లతో రుద్ది కడగాలి, పొలుసు మాత్రం తీయకూడదు. కోసి, నెత్తురూ కాలేయమూ సహా గిన్నెలో పెట్టాలి. మూలికలు, ఉల్లిపాయలు, ఊరవేసిన ఆల్చిప్పల మాంసం, మూడు ఆంకోవీలు. అన్నీ మునిగేదాకా ఎర్ర వైను. తూర్పు నుంచి ఓడలెక్కి వెళ్లిన లవంగం, జాపత్రి. నారింజ, నిమ్మ తొక్కలు. చదువుతుంటే మనకే నోరూరుతుంది. వాల్టన్ బొమ్మ గోడకు తగిలించుకున్న గాలపురాయుళ్లు ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి రెండు పేజీలు కలిపి తిప్పేస్తారు కాబోలు.

మరి ఎక్కడ తిరిగింది చక్రం? 1952 సెప్టెంబర్ 13న అని తారీఖుతో సహా చెప్పవచ్చు. హెర్ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ అనే చిన్న చెరువులో రిచర్డ్ వాకర్ అనే ఆయనకు 44 పౌండ్ల కార్పు పడింది. ఇరవై కిలోలు. అప్పటికి దేశ రికార్డు. అప్పటికింకా బ్రిటన్‌లో మాంసం రేషన్ మీదే ఇస్తున్నారు, అది ఎత్తేసింది 1954 జూలైలో. పుస్తకంలో కూపన్లు లెక్కపెట్టుకుంటున్న దేశంలో ఇరవై కిలోల కూర చేతికి దొరికితే వాకర్ ఏం చేశాడు? లండన్ జూకి కబురు పెట్టాడు. వాళ్లొచ్చి చేపను తీసుకెళ్లి గాజుతొట్టిలో పెట్టారు. క్లారిస్సా అని పేరు పెట్టారు. 1971 దాకా బతికింది. జనం టికెట్టు కొనుక్కుని చూశారు. చేపకు పేరు వచ్చింది. పేరొచ్చిన చేపను ఎలా తింటాం? అక్కడి నుంచి చెరువు చెరువుకూ పేర్లు పుట్టాయి. కెంట్‌లో టూటోన్ అనే రికార్డు కార్పు, 67 పౌండ్ల 14 ఔన్సులది, 2010లో చచ్చిపోతే చెరువు దగ్గరే సమాధి చేశారు. దాన్ని ఒక్కసారి పట్టడం కోసం ఏళ్ల తరబడి గట్టున కాపలా కాసినవాళ్లు ఉన్నారు. కొంపలు గుల్ల చేసుకుని ఇలవేల్పుకు మొక్కు తీర్చుకునేవాళ్లను మనం ఎగతాళి చేస్తాం గానీ, వాళ్లకు కనీసం ప్రసాదం దొరుకుతుంది.

ఇలా పూజలు సాగుతుండగా 2004 మే 1న పోలండు, లిథువేనియా, చెక్ లాంటి దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. బ్రిటన్ వాళ్లకు పని తలుపులు తెరిచింది. వచ్చినవాళ్లు పొలాల్లో క్యాబేజీ కోశారు, స్నానాల గదులకు పలకలు అతికించారు, ముసలివాళ్లకు ఒళ్లు తుడిచారు. ఆదివారం పూట గాలం తీసుకుని కాలవ గట్టుకెళ్లారు. చేప పడింది. తువ్వాలులో చుట్టి ఇంటికి తీసుకెళ్లి వండుకున్నారు. గాలం పుట్టిన రోజు నుంచీ మనిషి చేస్తున్న పనే. ఇంగ్లండు గట్ల మీద మాత్రం పిడుగు పడింది. అంతకుముందు ఏడాదే ఒక టాబ్లాయిడ్ పత్రిక, శరణార్థులు రాణిగారి హంసల్ని కాల్చుకు తింటున్నారని మొదటి పేజీలో కేకేసి, ఆధారం చూపమంటే నీళ్లు నమిలింది. హంసల తర్వాత వంతు కార్పులది. "మన చేపల్ని తినేస్తున్నారు!" ఆ 'మన' అన్న మాటను ఒక్కసారి నొక్కి పలికి చూడండి. చేప కంటే అదే బరువు తూగుతుంది.

గట్ల మీద పోలిష్, లిథువేనియన్ భాషల్లో బోర్డులు వెలిశాయి. గాలం వేసేవాళ్ల సంఘమే వలసవాళ్లకు ఇక్కడి పద్ధతులు నేర్పడానికి ఒక కార్యక్రమం పెట్టింది. దానికి వారధులు కట్టడం అని పేరు. 2010లో కొత్త నిబంధన వచ్చింది. నదిలో గాలం వేసిన మనిషి రోజుకు పదిహేను చిన్న చేపలు తీసుకెళ్లవచ్చు, కార్పుతో సహా, కానీ 20 సెంటీమీటర్లు దాటకూడదు. ఇరవై సెంటీమీటర్ల కార్పు! బాబాయికి రెండు వేళ్ల మధ్య చూపించాను. "దాన్ని మేం చెరువులో పోస్తాంరా, చెరువులోంచి తియ్యం" అన్నాడు.

న్యాయం కూడా చెప్పుకోవాలి. చాలా చెరువులు ప్రైవేటువి. ఇంగ్లండు చలిలో కార్పు పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, బాగా పెద్దదాని ఖరీదు వేల పౌండ్లలో ఉంటుంది. రాత్రిపూట దొంగ వలలు వేసి ఎత్తుకెళ్లేవాళ్లున్నారు, వాళ్లలో అన్ని దేశాల వాళ్లూ ఉన్నారు. దొంగతనం దొంగతనమే. బాబాయ్ చెరువులో ఎవడైనా రాత్రి వల వేస్తే బాబాయ్ కూడా ముద్దు పెట్టడు. కానీ దొంగ మీద కోపమైతే దొంగ మీదే ఉండాలి కదా, వంట మీదికెందుకు పాకుతుంది? పైగా ఈ చెరువుల కోసమే అవతలి గట్టు నుంచి, సముద్రం దాటించి, పెద్ద పెద్ద కార్పుల్ని కాగితాలు లేకుండా వ్యాన్లలో దింపే వ్యాపారం ఒకటుంది. రోగాలు తెస్తున్నాయని అధికారులు పట్టుకుంటూనే ఉన్నారు. అలా వచ్చిన చేపను పట్టుకుని ఫొటో దిగేటప్పుడు వీసా చూపించమని ఎవరూ అడగరు. అవతలి గట్టు కార్పు ముద్దు, దాన్ని వండే మనిషి వద్దు.

ఇక డిసెంబరు వచ్చిందంటే తూర్పు యూరప్ వాళ్ల దుకాణాల్లో మంచు మీద కార్పు కనిపిస్తుంది. అప్పుడు చూడాలి గాలపురాయుడి అవస్థ. ఒకడు గాజు బల్ల ముందు నిలబడి కళ్లతోనే తూకం వేసి, ఇది మన చెరువుదేమోనని పొలుసుల వరస పరీక్షిస్తాడు. ఇంకొకడు ఉదారుడు. ఫారంలో తిండికోసం పెంచినదైతే అమ్ముకోనీ, నాకేం అభ్యంతరం లేదంటాడు, కానీ తలకాయ ఉంచి అమ్మకూడదట. ముఖం చూస్తే గుర్తొస్తుందట. మూడోవాడు వ్యాపారి. చచ్చిన కార్పు కంటే బతికిన కార్పు ఎక్కువ సంపాదిస్తుంది కదా, దాన్ని వందసార్లు అమ్ముకోవచ్చు కదా, ఈ బుద్ధిలేనివాళ్లు ఒక్కసారికే తినేస్తారేమిటని వాడి బాధ. అన్ని బాధల్లోకీ నిజాయితీ గలది ఇదే. ఒకే ప్రాణిని అరవై మూడు సార్లు అమ్ముకునే బేరం మన పశువుల సంతలో కూడా లేదు.

నాలుగోవాడు మాత్రం రుచి గురించి మాట్లాడతాడు. "కార్పా? ఛీ, బురద కంపు." ఒక్కసారీ తినలేదు, అయినా తెలుసు. బురద వాసన అబద్ధం కాదు. చెరువు నీటిలోని సూక్ష్మజీవుల వల్ల పుట్టే జియోస్మిన్ అనే పదార్థం చేప కండలో చేరుతుంది. తొలకరి వానకు మట్టి వాసన వేసేది కూడా దానివల్లే. పోలండు, చెక్ దేశాల వాళ్లు చేపను బతికుండగా కొని, రెండు మూడు రోజులు స్నానాల తొట్టిలో మంచినీళ్లలో వదిలేవారు, వాసన వదలడానికి. ఇంటిల్లిపాదీ స్నానాలు బంద్. ఆమ్లం తగిలితే ఆ పదార్థం పస తగ్గుతుంది. ఈ రసాయన శాస్త్రం తెలియకుండానే మా పిన్ని ఉప్పూ పసుపూ రాసి, రాతి మీద రుద్ది, పాత చింతపండు పులుసులో వేసి, మర్నాటికి గానీ గిన్నె మూత తీయనివ్వదు. ఇంగ్లండులో నిమ్మకాయ దొరుకుతుంది, వెనిగర్ దొరుకుతుంది. కావాల్సింది ఒకటే, చేపను చేపగా చూడటం.

చెక్ దేశం పేరెత్తాను కాబట్టి ఒక్క మాట. అక్కడ త్రెబోన్ ఊరి చుట్టూ కార్పు కోసమే తవ్విన చెరువులున్నాయి. వాటిలో పెద్దది రోజ్మ్‌బెర్క్, 1590లో పూర్తయింది, ఇప్పటికీ శరదృతువులో నీళ్లు వదిలి వలలు లాగుతారు. క్రిస్మస్ ముందు వీధుల్లో నీలం తొట్టెలు పెట్టి బతికున్న కార్పుల్ని అమ్ముతారు. పండగ ముందు రాత్రి మాంసం ముట్టరు, చేప తింటారు. మనవాళ్లు కార్తీక మాసంలో చేప మానేస్తే పుణ్యం, వాళ్లకు చేప తింటే పుణ్యం. కంచం కింద పెట్టిన పొలుసు ఒకటి తీసి పర్సులో దాచుకుంటే ఏడాదంతా డబ్బు ఆడుతుందని నమ్మకం, మనం పుస్తకంలో నెమలీక దాచి పిల్లలు పెడుతుందని చూసినట్టు. అక్కడా మెత్తని మనసులకు కొదవ లేదు. తొట్టిలో మూడు రోజులున్న చేపకు పిల్లలు పేరు పెడతారు. ఇక కోయలేరు. తీసుకెళ్లి వల్తావా నదిలో వదిలేస్తారు. చెరువులో మేత తిని పెరిగిన చేప గడ్డకట్టే నదిలో ఎన్నాళ్లుంటుంది? చాలావరకు చస్తాయి. కాకపోతే ఎవరి కంచంలోనూ కాదు కాబట్టి ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఈ చేప ధర్మశాస్త్రం సరిహద్దు సరిహద్దుకూ తిరగబడుతుంది. జర్మనీలో సరైన కారణం లేకుండా జంతువును బాధపెట్టడం నేరం. తినడం కారణం, ఫొటో కారణం కాదు. వదిలేయడానికే పట్టినవాళ్లు అక్కడ జరిమానాలు కట్టారు. స్విట్జర్లండులో 2009 నుంచి, వదిలేసే ఉద్దేశంతో చేపను పట్టడమే నిషిద్ధం. ఆస్ట్రేలియాలో కార్పు శనిగ్రహం. కొన్ని రాష్ట్రాల్లో చేతికి చిక్కిన కార్పును బతికుండగా తిరిగి నీళ్లలో వేస్తే శిక్ష. 2016లో హెర్పిస్ వైరస్ వదిలి మొత్తాన్ని చంపే పథకం కోసం కోటిన్నర డాలర్లు తీసి పెట్టారు. అంటే మన గుడారం అసామీ అదే చేపతో అదే పని బాసెల్‌లో చేస్తే హింస, బ్రిస్బేన్‌లో చేస్తే నేరం, బెడ్‌ఫర్డ్‌లో చేస్తే ప్రేమ. అమెరికావాళ్లది ఇంకో తంటా. మనం వెండి చేప, గడ్డి చేప అని పెంచుకునే కార్పులు వాళ్ల నదుల్లో పడి అడ్డూ ఆపూ లేకుండా పెరిగాయి. తినండి మహాప్రభో అంటే ఎవరూ తినరు. 2022లో ఇల్లినాయిస్ రాష్ట్రం వాటికి 'కోపి' అని కొత్త పేరు పెట్టింది, కార్పు అన్న మాటే ముద్ద దిగనివ్వడం లేదని.

పేరు మారిస్తే అదృష్టం మారుతుందా? మనల్ని అడిగితే చెప్పేవాళ్లం. మనం బంగారు తీగ అని పేరు పెట్టాం. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవు. మార్కెట్లో బంగారు తీగ బుట్ట ముందు నిలబడి "కొర్రమీను లేదా?" అని అడిగేది మనమే. పుస్తెలమ్మి పులస తినమని సామెత కట్టిన మనం, చేపల్లో కూడా పై మెట్టు, కింది మెట్టు చేశాం. కొల్లేటి చుట్టూ చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి మంచు పెట్టెల్లో లారీలెక్కి హౌరా పోతాయి. వాటిని కన్నబిడ్డల్లా మేపిన బాబాయ్ తన ఇంట్లో మాత్రం కొర్రమీను కొనుక్కుంటాడు. "మా చెరువుది మేం తినంరా" అంటాడు, ఏదో వ్రతంలా. 2018లో ఫార్మలిన్ గొడవ లేచి అస్సాం మన చేపల్ని ఆపేసినప్పుడు మనం ఎంత ఉడికిపోయాం! చేప మీద ప్రేమతోనా? బేరం పోతోందని. శృంగేరి వెళ్లిన తెలుగువాళ్లు తుంగ ఒడ్డున మెట్ల మీద కూర్చుని, అక్కడి గుడి చేపలకు మరమరాలు వేసి, కళ్లకద్దుకుంటారు. అవీ కార్పు కుటుంబమే. తిరుగు ప్రయాణంలో బస్సు హైదరాబాదు చేరేసరికి అపోలో ఫిష్ ఆర్డరిస్తారు. కాబట్టి ఇంగ్లండువాడిని చూసి మనం పగలబడి నవ్వడానికి లేదు. కొంచెం నవ్వవచ్చు. మనం చేపకు మందు పూసి మళ్లీ పట్టం.

చెరువు దగ్గరే వదిలేశాను బాబాయిని. ముద్దయ్యాక అసామీ చేపను రెండు చేతుల మీదా నీళ్లలోకి దింపాడు. కాసేపు పట్టుకుని ఊపిరి తీసుకోనిచ్చాడు. తోక ఒక్కసారి కొట్టి అది లోపలికి జారింది. అతని కళ్లలో నీళ్లు, నేను చూశాను. "దాని పేరేంట్రా?" అని బాబాయ్ అడిగాడు. అడిగాను. చెప్పాడు, ఏదో ఆడపిల్ల పేరు. మూడేళ్ల కిందట ఒకసారి పట్టాడట, కుడివైపు రెండు పొలుసులు పెద్దవి, దాంతో గుర్తుపట్టాడట. పెద్దదయిందని మురిసిపోయాడు. మీ వాళ్లెలా ఉన్నారని అడిగినట్టు బాబాయ్ తలాడించాడు.

అసామీ చేతులు కడుక్కుని, గుడారంలోంచి కాగితం పొట్లం తెచ్చుకుని విప్పాడు. ఇంతలేసి బంగాళాదుంప ముక్కలు, వాటి మీద వేయించిన చేప, పైన వెనిగర్. మర్యాదస్తుడు, మాకూ తీసుకోమని చాపాడు. బాబాయ్ పొట్లంలోకి వంగి చూశాడు.

"దీని పేరేంటో కూడా అడుగు."

అడిగాను.

"కాడ్" అన్నాడతను, నోట్లో ముక్కతో.

బాబాయ్ అడ్డంగా తలూపాడు. "అది ఇంటిపేరురా అబ్బాయ్. నేనడిగింది పేరు."